గట్టు తీసే ముందు నీళ్ళు ఎటు పోతాయో చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

గట్టి వాన పడ్డ మర్నాడు జిల్లా పేజీలో దాదాపు ఒకే రకం ఫోటోలు వస్తుంటాయి. నడిమధ్యన కోసుకుపోయిన చేను, వేళ్ళు బయటపడ్డ చీనీ చెట్టు, ఇసుక మేట కింద కప్పబడిపోయిన వేరుశనగ. కారణం మాత్రం ప్రతిసారీ ఒక్కటే రాస్తారు, భారీ వర్షం అని. వాన పడింది నిజం, నష్టమూ నిజం. కానీ అదే వానకు ఒక చేను తెగిపోయి, దాని పక్క చేను నిలబడిందంటే కారణం ఒక్క వానలోనే వెతికితే ఎలా? ఆ చేను ఆకారాన్ని మనం ఎట్లా మార్చాం, గట్టు ఎక్కడ తీసేశాం, దుక్కి ఎటువైపు దున్నాం అన్నది కూడా అడగాలి కదా. ఆ ప్రశ్న వార్తల్లో రావడం లేదు, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, వీలైతే పూర్తిగా వేయండి.

నేను అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు రైతును. ఎర్ర నేల, మెట్ట సేద్యం, బోరు కింద కొద్దిగా చీనీ (బత్తాయి) తోట. మా జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అదన్నా సమంగా పడుతుందా అంటే పడదు, జూన్, జూలైలలో మబ్బు చూసి చూసి కళ్ళు కాయలు కాస్తాయి, తర్వాత సెప్టెంబర్, అక్టోబర్‌లో నాలుగైదు వానల్లోనే ఏడాది కోటాలో పెద్ద భాగం వచ్చి పడిపోతుంది. నీళ్ళు లేవని వలస పోయే జిల్లాలోనే నీళ్ళకు నేల కోసుకుపోవడం చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

మా పొలాలు దూరం నుంచి చూస్తే చదునుగానే కనిపిస్తాయి. నిజానికి నూరడుగుల దూరానికి ఒక అడుగు నుంచి మూడడుగుల దాకా దిగువకు వాలి ఉంటాయి. పాతకాలం వాళ్ళు ఆ వాలుకు అడ్డంగా గట్లు వేసుకుని, చేనును చిన్న చిన్న కయ్యలుగా చేసుకుని సాగు చేశారు. ఆ గట్లు తిన్నగా ఉండేవి కావు, నేల ఎట్లా వంకర తిరిగితే అవీ అట్లాగే తిరిగేవి. గట్టు మీద కానుగ, వేప, సీతాఫలం, గడ్డి. ఒక కయ్యలో నిండిన నీళ్ళు రాళ్ళు పేర్చిన చోట నెమ్మదిగా కింది కయ్యలోకి దిగేవి. ఇంజనీర్ ఎవరూ వచ్చి గీసివ్వలేదు, ఏళ్ళ తరబడి వానను చూసి చూసి తేల్చుకున్న ఆకారం అది.

గత పది పదిహేనేళ్ళలో ఆ ఆకారం చాలా ఊళ్ళలో చెరిగిపోయింది. అన్నదమ్ములు పంచుకున్న తునకలను ఒకరే కొనడం, నాలుగైదు కయ్యలను కలిపి ఒకే చెక్క చేయడం, జేసీబీనో ఇటాచీనో పెట్టి గట్లు లాగేసి లెవెలింగ్ చేయించడం మామూలైపోయింది. దీనికి నేను రైతును తప్పుపట్టను. ట్రాక్టర్ చిన్న కయ్యలో తిరగదు, మలుపు మలుపుకూ డీజిల్ దండగ. ఎద్దులు ఉన్న ఇళ్ళు ఊరికి ఎన్ని మిగిలాయి చెప్పండి. డ్రిప్ పైపులు పరచాలన్నా, మామిడి, చీనీ, దానిమ్మ పెట్టాలన్నా తిన్నటి వరసలు కావాలి. గట్టు ఆక్రమించిన సెంట్లు కలిసొస్తాయన్న ఆశ ఒకటి, ఎలుకలు, పాములు, ముళ్ళ కంపల బాధ ఒకటి. కూలీలు దొరకని కాలంలో గట్లు ఏటా సరిచేసుకోవడమూ కష్టమే. ఇన్ని కారణాలు ఉన్నప్పుడు గట్టు తీయొద్దు అని ఊరికే చెబితే ఎవరూ వినరు, వినాల్సిన అవసరం కూడా లేదు. చేను ఆకారం మార్చుకునే హక్కు రైతుది. అయితే మార్చే ముందు నీళ్ళు ఎటు పోతాయో చూసుకోవాలి, చూసి చెప్పే మనిషి ఊళ్ళో అందుబాటులో ఉండాలి. నేను అడిగేది ఇంతే.

ఒక చిన్న లెక్క చెబుతాను. ఎకరా నేల మీద ఒక సెంటీమీటర్ వాన పడిందంటే 40 వేల లీటర్ల నీళ్ళు. గంటలో ఐదు సెంటీమీటర్లు దంచికొడితే ఎకరాకు రెండు లక్షల లీటర్లు. అందులో నాలుగో వంతే ఇంకకుండా పారిందనుకున్నా 50 వేల లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పది. కయ్యలు విడివిడిగా ఉన్నప్పుడు ఈ నీళ్ళు ఎక్కడికక్కడ గట్టు దగ్గర ఆగి, కొంత ఇంకి, మిగిలింది మెల్లగా దిగేది. ఐదెకరాలు కలిపి ఒకే చెక్క చేశాక యాభై ట్యాంకర్ల నీళ్ళు అడ్డూ ఆపూ లేకుండా దిగువ మూలకు ఒకేసారి చేరతాయి. నీటి వేగం రెట్టింపైతే దాని కోసే శక్తి నాలుగు రెట్లు అవుతుంది. పైన సన్నటి పాయలుగా మొదలైన నీళ్ళు కిందికి వచ్చేసరికి మోకాలి లోతు గండి పెట్టడం అందుకే. ఆ గండి మరుసటి ఏడాది పైకి పాకుతుంది, చేను దిగువ నుంచి ఎగువకు తెగుతూ పోతుంది.

నేల కోతను లెక్కగట్టడానికి అమెరికాలో విష్‌మయర్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు చిన్న మడుల్లో ఎన్నో ఏళ్ళ పాటు తీసిన కొలతలను ఆధారం చేసుకుని ఒక సూత్రం తయారు చేశారు. 1965లో మొదట, మార్పులతో 1978లో మళ్ళీ వచ్చింది, ఇప్పటికీ మన దేశంలో నేల సంరక్షణ పనులకు దాన్నే ఆధారం చేసుకుంటారు. దాని ప్రకారం మా నేలల్లాంటి తక్కువ వాలులో నీరు అడ్డులేకుండా పారే పొడుగు నాలుగింతలు అయితే ఎకరాకు పోయే మట్టి ఒకటిన్నర రెట్లవుతుంది. వాలు ఐదు శాతం (నూరడుగులకు ఐదడుగులు) దాటితే రెట్టింపు. మరోవైపు అదే సూత్రం చెప్పే మంచి మాట కూడా ఉంది. వాలుకు అడ్డంగా దున్ని, అడ్డంగా విత్తితే చాలు, ఒకటి రెండు శాతం వాలులో కోత 40 శాతం దాకా తగ్గుతుంది, మూడు నుంచి ఎనిమిది శాతం వాలులో సగానికి పడిపోతుంది. రూపాయి ఖర్చు లేదు, ట్రాక్టర్ ఎటు తిప్పాలో తెలిస్తే సరిపోతుంది. కానీ చెక్కలు కలిపాక మనం చేస్తున్నదేమిటి? పొడుగు ఎటు ఎక్కువుంటే అటు దున్నిస్తున్నాం, మలుపులు తగ్గుతాయని. ఆ పొడుగు చాలాసార్లు వాలు వెంబడే ఉంటోంది. అప్పుడు ప్రతి చాలూ ఒక చిన్న కాలువే, నీళ్ళను మట్టితో సహా కిందికి మోసుకుపోవడానికి మనమే తవ్విచ్చినట్టు.

ఎర్ర నేలలకు ఇంకో గుణం ఉంది. వట్టి నేల మీద పెద్ద చినుకులు పడగానే పైన సన్నటి పొర గట్టిపడిపోతుంది. దాని కింద నేల ఎండిపోయి ఉన్నా నీళ్ళు దిగవు, పైనే పారిపోతాయి. రోటవేటర్‌తో పిండి పిండిగా చేసిన నేలలో ఈ పొర ఇంకా తొందరగా కడుతుంది. బరువైన యంత్రాలు తిరిగి కిందపొర అదిమేసిన చోట ఇంకేది ఇంకా తక్కువ. వాన పడ్డ రెండు రోజులకే విత్తనం వేయడానికి పదును చాలడం లేదని మా వైపు అనుకుంటున్నారంటే, పడ్డ వాన చేలో నిలవలేదనే అర్థం.

పోయే మట్టి కూడా సామాన్యమైంది కాదు. ఎకరా మీద ఒక్క మిల్లీమీటర్ మందం పోయినా దగ్గర దగ్గర ఆరు టన్నులు, ట్రాక్టర్ ట్రాలీ లెక్కన రెండు లోడ్లు. మిల్లీమీటర్ కంటికి ఆనదు కాబట్టి మనకు పోయినట్టే తెలియదు. 1983లో ధ్రువనారాయణ, రాంబాబు అనే మన శాస్త్రవేత్తలు వేసిన అంచనాలో దేశ సగటు హెక్టారుకు ఏటా 16.35 టన్నులు, అంటే ఎకరాకు ఆరున్నర టన్నుల పైనే. దేశం మొత్తం మీద 533 కోట్ల టన్నులు. అందులో 29 శాతం సముద్రంలో కలుస్తుంది, పది శాతం రిజర్వాయర్లలో చేరుతుంది, మిగిలింది ఒకచోట లేచి ఇంకోచోట పడుతుంది. ముందు కొట్టుకుపోయేది సన్నటి మట్టి, దాంతోపాటు పశువుల ఎరువు, ఆకులు కుళ్ళి చేరిన సారం, వేసిన ఎరువులు. వెనక మిగిలేది గరుసు. చేలో ఏటా రాళ్ళు పైకి తేలుతున్నాయని మా ఊళ్ళో అంటుంటారు, రాళ్ళు ఏరి ఏరి విసిగిపోతున్నారు. రాళ్ళు పైకి రావడం లేదు, వాటి చుట్టూ ఉన్న మట్టి దిగిపోతోంది.

లెవెలింగ్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో జరిగే నష్టం వానతో పని లేకుండానే మొదలవుతుంది. మా నేలల్లో సారవంతమైన పైమట్టి జానెడు, మహా అయితే మూరెడు. దాని కింద గరుసు, కొన్నిచోట్ల సుద్ద. చేను చదును చేయాలంటే ఎత్తు వైపు తవ్వి పల్లం వైపు పోయాలి. జేసీబీ బకెట్ ఎత్తు వైపు పైమట్టిని మొదట ఎత్తుతుంది, తీసుకుపోయి పల్లంలో అడుగున వేస్తుంది, దాని మీద గరుసు కప్పుతుంది. పని అయ్యాక చేను అద్దంలా ఉంటుంది, చూడ్డానికి ముచ్చటేస్తుంది, పంట వేశాక తెలుస్తుంది అసలు సంగతి. ఎత్తు తీసిన వైపు మొక్క పసుపెక్కి గిడసబారుతుంది. అట్లా అడుగుపొర బయటపడ్డ నేలల్లో జింకు లోపం ఎక్కువగా కనిపిస్తుందని వ్యవసాయ శాస్త్రం ఎప్పటి నుంచో చెబుతోంది. పోసిన వైపు మట్టి వదులుగా ఉంటుంది కాబట్టి రెండు వానలకు కుంగి, అక్కడే గండి పడుతుంది. మా ఊళ్ళోనే నాలుగు కయ్యలు కలిపి చదును చేయించుకున్న ఒక ఇంటివాళ్ళు ఎగువ సగంలో మూడేళ్ళుగా పెట్టుబడి కూడా రాబట్టుకోలేకపోతున్నారు. పోసిన ఎరువుకు లెక్కే లేదు.

దీనికి పద్ధతి లేక కాదు. ముందు పైమట్టిని అరడుగు మందం గీకి ఒక పక్కన కుప్ప పెట్టుకోవాలి, కింది మట్టితో ఎత్తుపల్లాలు సరిచేసుకోవాలి, చివర్లో ఆ పైమట్టిని అంతటా తిరిగి పరచాలి. మెషిన్ గంటలు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ అడుగునకు పోయిన పైమట్టి మళ్ళీ తయారు కావడానికి మన జీవితాలు సరిపోవు. రెండు మూడు సెంటీమీటర్ల నేల ఏర్పడటానికి వెయ్యేళ్ళ దాకా పట్టొచ్చని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెబుతోంది. ఇంకో విషయం, మెట్ట చేనును వరి మడిలా పూర్తిగా చదును చేయాల్సిన పనే లేదు. వాలు కొంచెం ఉండనిచ్చి, దానికి అడ్డంగా గట్లు దూరం దూరంగా వేసుకుంటే ట్రాక్టరూ తిరుగుతుంది, మట్టీ నిలుస్తుంది. రెండు గట్ల మధ్య వెడల్పు ట్రాక్టర్ గొర్రుకు సరిపడేలా చూసుకుంటే మలుపుల గొడవ చాలా వరకు తీరిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, లేకపోతే నా మాట పట్టుకుని నల్లరేగడి రైతు నష్టపోతాడు. అన్ని నేలలకూ ఒకే ఆకారం పనికిరాదు. లోతైన నల్లరేగడిలో నీళ్ళు నిలబెట్టే గట్టు వేస్తే గట్టు వెనక నీరు నిలిచి పైరు ఉరకెత్తుతుంది, ఎండాకాలంలో నెర్రెలిచ్చిన గట్టు మొదటి పెద్ద వానకే తెగిపోతుంది. అక్కడ ఎక్కువైన నీళ్ళను మెల్లగా బయటకు పంపే ఏర్పాటు కావాలి. పటాన్‌చెరులో ఉన్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లో 1976 నుంచి నల్లరేగడి మీద దీన్నే పరీక్షించి చూశారు. చాలా కొద్దిపాటి వాలుతో వెడల్పాటి ఎత్తు మడులు, వాటి మధ్య కాలువలు, చివర గడ్డి పెంచిన నీటి దారి. పాత పద్ధతిలో హెక్టారుకు ఏటా ఆరున్నర టన్నుల దాకా మట్టి పోయిన చోట, కొత్త పద్ధతిలో ఒకటిన్నర టన్ను దగ్గర ఆగింది. వానాకాలం బీడు పెట్టకుండా పంటల పద్ధతి, ఎరువుల వాడకం కూడా మార్చారు కాబట్టి దిగుబడి మొత్తం మడుల పుణ్యమే అనలేం, అయినా హెక్టారుకు సగటున టన్ను చిల్లర వచ్చే చోట ఐదు టన్నులు వచ్చింది. హైదరాబాద్ పక్కనే ఇంత కాలంగా జరుగుతున్న పరీక్ష ఇది, ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడి రైతుల్లో ఎంతమందికి తెలుసు?

మా ఎర్ర నేలల్లో వేరుశనగకు చెప్పే ఉపాయం ఇంకా తేలిక. విత్తేటప్పుడో, విత్తిన కొద్ది రోజులకో వాలుకు అడ్డంగా ప్రతి 3.6 మీటర్లకు ఒక గొడ్డుచాలు (విత్తనం వేయని చాలు) తీసుకోవడం. పడ్డ వాన ఆ చాళ్ళలో ఆగి ఇంకుతుంది, బెట్ట వచ్చినప్పుడు పైరుకు కొన్ని రోజులు ఊపిరి పోస్తుంది. ఇది కరపత్రాల్లో ఉంది, రేడియోలో చెబుతారు. చేలలో మాత్రం అరుదు.

ఇంత మట్టి ఎక్కడికి పోతోందో కూడా చెప్పుకుందాం. మా వైపు వంకలు కొన్ని వేదవతిలో, కొన్ని పెన్నలో కలుస్తాయి. దారిలో చెరువులు, కుంటలు ముందు పూడుతాయి, తర్వాత ఆనకట్టలు. వేదవతి పోయి తుంగభద్రలో, అక్కడి నుంచి కృష్ణలో కలుస్తుంది. శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు సామర్థ్యం 308 టీఎంసీలు, పూడిక వల్ల 215 టీఎంసీలకు పడిపోయింది. మా జిల్లాకు ఎగువ కాలువ ద్వారా నీళ్ళిచ్చే తుంగభద్ర డ్యామ్ సామర్థ్యం 133 టీఎంసీల నుంచి 105 టీఎంసీలకు తగ్గింది. ఆ డ్యామ్‌లో చేరింది కర్ణాటక పొలాల, కొండల, గనుల మట్టి, శ్రీశైలానికి చేరే దాంట్లో మనదీ ఉంది. ఎగువ రైతు చేలో ఆగాల్సిన మట్టి ఆగకపోతే దిగువ రైతుకు రావాల్సిన నీళ్ళు తగ్గుతాయి, రాష్ట్రాల సరిహద్దు దీనికి అడ్డం రాదు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి చెరువుల పూడిక తీసి రైతులు చేలకు తోలుకున్నారు, చాలా మంచి పని. కానీ చెరువుకు ఎగువనున్న చేలలో గట్లు లేకపోతే ఆ చెరువు మళ్ళీ పూడుతుంది, అదే మట్టికి మళ్ళీ ట్రాక్టర్ కిరాయి కట్టాల్సి వస్తుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదట ప్రారంభించింది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. దానికి ముందు వాటర్‌షెడ్ పథకాల్లో, తర్వాత ఉపాధి పనుల్లో ఎండనక, వాననక కూలీలు పారలు, గంపలతో మట్టి కట్టలు, రాతి కట్టలు వేశారు. ఎక్కువ మంది ఆడవాళ్ళే. ప్రభుత్వం కూలి ఇచ్చింది, ఆ కట్టలు కొన్నేళ్ళు బాగా పనిచేశాయి కూడా. వాటిలో ఎన్నిటినో యంత్రంతో గంటల్లో లాగేశారు, ఆ రాళ్ళను ఇంటి పునాదులకో, రోడ్డుకో తోలారు. ఏ రికార్డులోనూ కట్ట తీసేసినట్టు ఉండదు, కట్టినట్టే ఉంటుంది. అప్పట్లో ఆ కట్టలు ఎందుకు వేస్తున్నారో చాలామంది రైతులకు ఎవరూ విడమరిచి చెప్పలేదు, కూలి పని జరగాలి కాబట్టి వేశారనే అనుకున్నారు. తనది అనుకోని కట్టను ఎవరు కాపాడతారు?

ఫారం పాండ్‌ల (చేలో తవ్వే నీటి కుంటల) విషయంలోనూ ఇదే. నీళ్ళు సహజంగా చేరే చోట కాకుండా చేలో మూలన ఎక్కడ పంటకు అడ్డం లేదో అక్కడ తవ్వేశారు. నీరు లోపలికి వచ్చే దారిలో మట్టి ఆగే చిన్న గుంత లేని కుంటలు రెండు మూడేళ్ళకే సగం పూడిపోయాయి. తవ్విన మట్టిని ఎగువ వైపు పోసి నీళ్ళు రాకుండా చేసుకున్నవీ ఉన్నాయి.

పరిహారం నిబంధనలు చూడండి. 2022-26 కాలానికి పెట్టిన విపత్తు సాయం నిబంధనల్లో, చేలో మూడు అంగుళాలకు మించి ఇసుక మేట వేస్తే, తీయించుకోవడానికి సన్న, చిన్నకారు రైతుకు హెక్టారుకు 18 వేల రూపాయలు అని పెట్టారు. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి 2021 నవంబర్‌లో పొలాలు మేటల కింద పోయినప్పుడు అట్లాంటి సాయం ఎంత అవసరమో అందరికీ తెలిసింది. అది పెద్ద విపత్తు, దాని సంగతి వేరు. నేను చెప్పేది ఏటా మామూలు వానలకే చప్పుడు లేకుండా పోయే పైమట్టి గురించి. దానికి పంచనామా లేదు, నమోదు లేదు, బీమా లేదు. ఎగువ చేను నీళ్ళు దిగువ చేనును కోసేస్తే అది ఇద్దరు రైతుల తగాదాగా మిగిలిపోతుంది. పంచాయితీలు, కొట్లాటలు, స్టేషన్ దాకా పోయి మాటలు బందైన ఇళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలో చాలానే ఉన్నాయి. ఎగువాయన తన చేను తాను బాగు చేసుకున్నాననుకుంటాడు, దిగువాయన నా చేను ముంచావంటాడు. ఇద్దరి మాటా నిజమే. ఒక్కొక్కరి చేనును విడిగా చూస్తే ఈ తగాదా తీరదు, వంక పొడుగునా ఉన్న చేలన్నిటినీ కలిపి చూస్తేనే నీళ్ళకు దారి దొరుకుతుంది.

మరి చేయాల్సిందేమిటి? నా అభిప్రాయంలో మొదట పట్టుకోవాల్సింది జేసీబీ, ఇటాచీ నడిపే కుర్రాళ్ళను. ఈ రోజు మన చేల ఆకారం నిర్ణయిస్తున్నది వాళ్ళే. గంట లెక్కన కిరాయి కాబట్టి రైతు పక్కన నిలబడి తొందరపెడతాడు, డ్రైవర్ కంటి అంచనాతో బకెట్ వేస్తాడు, సాయంత్రానికి వందేళ్ళ గట్టు మాయమవుతుంది. ఆ కుర్రాళ్ళు చురుకైనవాళ్ళు, చెబితే పట్టుకుంటారు. పైమట్టి విడిగా తీయడం, వాలు గుర్తు పట్టడం, గట్టుకు వెడల్పాటి అడుగు ఉంచడం, నీరు పొర్లే చోట రాళ్ళు పేర్చడం, ఇవి మండలానికి ఒక శిక్షణ పెట్టి నేర్పించడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు.

లెవెల్ చూడటానికి ఖరీదైన పరికరాలూ అక్కర్లేదు. ఇల్లు కట్టే మేస్త్రీ దగ్గర ఉండే నీళ్ళ పైపు చాలు. పారదర్శకంగా ఉండే సన్నటి ప్లాస్టిక్ పైపులో నీళ్ళు పోసి, రెండు కొసలను రెండు కర్రలకు కట్టి, నీటి మట్టం రెండు వైపులా కర్ర మీద ఒకే గుర్తు దగ్గర నిలిచిన చోటల్లా సున్నంతో గుర్తు పెట్టుకుంటూ పోతే సమానమైన ఎత్తున్న గీత వస్తుంది. గట్టు ఆ గీత మీద వేయాలి, దుక్కి ఆ గీత వెంబడి దున్నాలి. మూడు కర్రలు, ఒక దారం, ఒక రాయితో చేసుకునే, ఇంగ్లీషు ‘A’ అక్షరం ఆకారపు చట్రంతో కూడా ఇదే పని చేయొచ్చు. మేము కొందరం మా చేలలో ఈ పైపుతోనే గీతలు పెట్టుకుని గట్లు మళ్ళీ వేసుకున్నాం. చీనీ వరసలు కాస్త వంకర వచ్చాయి, డ్రిప్ పైపుకు దాని వల్ల ఏ ఇబ్బందీ రాలేదు. వాన పడ్డాక గట్టు వెనక తేట నీళ్ళు నిలబడటం చూశాక చుట్టుపక్కల వాళ్ళు పైపు అడిగి తీసుకుపోతున్నారు.

గట్టు వేస్తే సరిపోదు, దాని మీద వేరు పట్టే మొక్క ఉండాలి. వట్టివేరు, గడ్డి, కంది, ఆముదం, ఏదో ఒకటి. చదును చేసిన నేలను ఎండాకాలం చివర వట్టిగా వదిలేయకూడదు. మే, జూన్‌లలో గాలీ ఉరుములతో వచ్చే మొదటి వానలు అట్లాంటి వదులు నేలనే ముందు కోసేస్తాయి. ప్రకృతి సేద్యం వాళ్ళు ప్రోత్సహిస్తున్నట్టు వానలకు ముందే నవధాన్యాలు చల్లుకున్నా, జనుమో ఉలవో వేసుకున్నా చినుకు దెబ్బ నేరుగా నేలకు తగలదు.

అధికారులకు నా విన్నపం సూటిగా చెబుతాను. 2020 చివర్లో భూముల రీసర్వే మొదలుపెట్టి సరిహద్దులు కొలిచారు, రాళ్ళు నాటారు. ఆ సరిహద్దుల పక్కనే ఊరికో నీటి దారుల పటం కూడా తయారు చేయండి, ఏ వాలు ఎటు, ఏ వంకలో ఎన్ని చేల నీళ్ళు కలుస్తాయో రైతు సేవా కేంద్రం గోడ మీద పెట్టండి. డ్రిప్‌కు, పండ్ల తోటలకు సబ్సిడీ ఇచ్చే ముందు వాలుకు అడ్డంగా గుర్తులు పెట్టి ఇవ్వండి, తిన్నటి వరసలే కావాలని పట్టుపట్టకండి. ప్రభుత్వ డబ్బుతో కట్టిన రాతి కట్టలు ఇప్పుడు ఎన్ని మిగిలాయో సామాజిక తనిఖీలో లెక్క తీయండి. గట్టు నిలుపుకున్న రైతుకు, మళ్ళీ వేసుకునే రైతుకు ఎకరాకు ఇంత అని ఏదైనా ప్రోత్సాహం ఇవ్వండి, ఎందుకంటే ఆ గట్టు వల్ల లాభం ఆయనొక్కడిదే కాదు, కింది చెరువుది కూడా. రైతు సేవా కేంద్రంలో పనిచేసే సిబ్బందికి ఇప్పటికే యాప్‌ల పని, నమోదుల పని తలకు మించి ఉంది, కాబట్టి దీన్ని వాళ్ళ నెత్తినే వేయకుండా ఊళ్ళో ఉత్సాహమున్న ఇద్దరు యువకులకు లెవెల్ చూడటం నేర్పి, చేనుకు ఇంత అని కూలి ఇప్పించండి.

మా వైపు యంత్రాలు చేలలోకి దిగేది సంక్రాంతి దాటాక, పంటలు ఇంటికి చేరిన తర్వాత. ఫిబ్రవరి నుంచి మే దాకా రాత్రి లైట్లు వేసుకుని మరీ పని చేస్తాయి. శిక్షణలు పెట్టేదుంటే డిసెంబర్‌లోనే పెట్టాలి, మే నెలలో పెట్టే అవగాహన సదస్సు వల్ల ఉపయోగం లేదు, అప్పటికి ఆ ఏడాది తీయాల్సిన గట్లన్నీ తీసేసి ఉంటారు.

ఇట్లు,
ఒక మెట్ట రైతు,
కళ్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా